గోడంత నీలం ముందు నిలబడి ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ. ఊరు పుట్టపాక దగ్గర, ఇంట్లో మగ్గాలు. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి కొండాపూర్‌లో హాస్టల్లో ఉంటున్నారు. ఆఫీసు వాళ్లతో కలిసి మాదాపూర్‌లో ఒక మోడరన్ ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి వెళ్లారు. అక్కడ గోడంత కాన్వాస్, మొత్తం నీలం, ఒక మూల సన్నటి ఎర్ర గీత. పక్కవాళ్లంతా తలలూపారు, ఫొటోలు దిగారు. మీకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. "తప్పు నాదా, బొమ్మదా? ఒక్కదాన్నే మళ్లీ వెళ్లి చూడాలని ఉంది గానీ టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలో చెప్పండి. ఇందులో మోసం లేదని ఎలా నమ్మాలి?" అన్నారు.

నేను చిత్రకారుణ్ని కాదు, విమర్శకుణ్ని అంతకన్నా కాదు. ఫ్రేములు కట్టడం, ఎగ్జిబిషన్లకి బొమ్మలు తగిలించడం నా పని. ఇందులోనే తల నెరిసింది. బొమ్మ గోడకెక్కే ముందు దాని వెనక వైపు చూసేది మేమే, దించేటప్పుడు ఆఖరున చూసేదీ మేమే. మధ్యలో జనం బొమ్మల్ని ఎలా చూస్తారో కూడా చూస్తుంటాం. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ రోజు తలలూపిన వాళ్లలో చాలామందికి మీకంటే ఎక్కువేమీ అర్థమై ఉండదు. ఒక గంట ఏదో మూల కుర్చీ వేసుకుని గమనించండి. జనం బొమ్మ ముందుకొస్తారు, వంగి పక్కనున్న చీటీ చదువుతారు, ఒకసారి తలెత్తి బొమ్మ వంక చూస్తారు, తర్వాతి చీటీ దగ్గరికి వెళ్లిపోతారు. బొమ్మకంటే చీటీకే ఎక్కువ టైమ్ ఇస్తారు. కాబట్టి తప్పు మీదేమో అన్న బెంగ వదిలేయండి. బొమ్మదేమో అన్నది మాత్రం ఉంచుకోండి, అది న్యాయమైన అనుమానమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది "దీని అర్థం ఏమిటి?" అన్న ప్రశ్న. దాన్ని కాసేపు పక్కన పెట్టి "దీన్ని ఎలా చేశారు?" అని అడిగి చూడండి. ఈ రెండో ప్రశ్నకి జవాబు బొమ్మలోనే ఉంటుంది, వెతుక్కోవడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు, ఎవర్నీ అడగనక్కర్లేదు. పైగా మీలాంటి ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది నాకంటే బాగా తెలియాలి. తేలియా రుమాలు, అంటే మీ వైపు నేసే ఇక్కత్ బట్ట, దాని మీద గళ్లకి, త్రికోణాలకి అర్థం ఏమిటని మీ ఊళ్లో ఎవరైనా అడుగుతారా? చిటికీ (రంగు అంటకుండా దారానికి వేసే కట్టు) ఎంత బిగువుగా కట్టారు, రంగు దారం లోపలికి దిగిందా లేదా, పడుగులో కట్టిన డిజైను పేకలో కట్టినదానితో కలిసిందా, ఇవీ అడిగేవి. డిజైను అంచు దగ్గర రంగు కాస్త చెదిరినట్టు ఉంటుంది, అది దారానికి ముందే రంగు వేసి తర్వాత నేసినందువల్ల వచ్చిన గుర్తు. అచ్చు వేసిన నకిలీ ఇక్కత్‌కి ఆ చెదురు ఉండదు, వెనక్కి తిప్పితే రంగు వెలిసినట్టు ఉంటుంది. మీ అమ్మగారు చీరని వేళ్ల మధ్య పట్టుకుని, ఒకసారి తిరగేసి చెప్పేస్తారు. ఆసు పోసిన, అంటే నేతకి దారాన్ని వరసగా చుట్టిన చేతులు కదా. ఆ చూపుతోనే కాన్వాస్ దగ్గరికీ వెళ్లండి. ఒక్కటే తేడా, ఇక్కడ ముట్టుకోకూడదు.

ఇప్పుడు ఆ నీలం సంగతి. మీరు చూసిన బొమ్మ ఎవరిదో నాకు తెలియదు కాబట్టి అది మంచిదో చెడ్డదో చెప్పలేను. కానీ ఒకే రంగున్న పెద్ద కాన్వాస్ ముందు ఏం చూడాలో చెప్పగలను. మొదట ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. గ్యాలరీ లైటు ఏటవాలుగా పడుతుంది కదా, పక్క నుంచి చూస్తే ఉపరితలం మొత్తం బయటపడుతుంది. రంగు నున్నగా పరిచారా, గరిటెలాంటి నైఫ్‌తో మెత్తారా, రోలరు తిప్పారా, పైన వేసిన పూతని మళ్లీ గీకేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత కాన్వాస్ అంచులు చూడండి. చెక్క చట్రం మీదుగా పక్కకి మడిచిన భాగంలో రంగు కారి ఆగిపోయి ఉంటుంది. పైన నీలం ఒక్కటే కనిపిస్తున్నా, అంచున కింది పూతలు బయటపడిపోతాయి: కిందెక్కడో పసుపు, దాని మీద ఆకుపచ్చ, అన్నిటి మీదా నీలం. అలా ఉందంటే ఆ నీలం డబ్బాలోంచి నేరుగా వచ్చిన నీలం కాదు. నాలుగైదు రంగులు ఒకదాని మీద ఒకటి ఎండుతూ తయారైనది. అందుకే ఎదురుగా నిలబడితే అది ఒకచోట లోతుగా, ఒకచోట పైకి తేలినట్టు అనిపిస్తుంది. అంచుల్లోనూ ఒకే నీలం ఉంటే అది వేరే కథ. ఇంటి గోడకి సున్నం వేసినట్టు వేశారన్నమాట. దానికీ ఏదో కారణం ఉండొచ్చు, లేకపోనూవచ్చు.

ఈ దారిలో మన దేశంలో చాలా దూరం వెళ్లిన చిత్రకారుడు వి.ఎస్. గైతోండే. 1924లో పుట్టి 2001లో పోయాడు. బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తర్వాత ఢిల్లీ చేరి, ఎవరితోనూ ఎక్కువ కలవకుండా పని చేసుకున్నాడు. రోలరుతో, నైఫ్‌తో రంగు పరిచేవాడు. కాగితం ముక్కల్ని తడి రంగు మీద అద్ది ఎత్తేవాడు, అలా కొంత రంగు లేచొచ్చి కింది పూత కనిపించేది. ఏడాదికి ఐదారు బొమ్మలకి మించి చేసేవాడు కాదు. మిగతా కాలమంతా ఆలోచన, ఎదురుచూపు. 2014లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. "ఇంతేనా, నేనూ వేస్తాను" అని ఎవరైనా అంటే గైతోండే బొమ్మ ఒకటి దగ్గరగా చూపించి ఊరుకుంటే సరిపోతుంది. అయితే ఫోన్లో చూపిస్తే లాభం లేదు. ఇలాంటి బొమ్మలు ఫోన్లో చచ్చిపోతాయి.

దూరం గురించి కూడా చెప్పాలి. మేం బొమ్మ తగిలించేటప్పుడు దాని మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో వచ్చేలా కొలుస్తాం, మామూలు మనిషి కంటి ఎత్తు అది. అంటే బొమ్మ మిమ్మల్ని చూసేట్టు పెడతాం, మీరు మెడ ఎత్తనక్కర్లేదు. హాలు మధ్య నుంచి మొదలుపెట్టండి, అక్కడ బొమ్మ మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. తర్వాత రెండు చేతుల దూరానికి వెళ్లండి. అక్కడ మొత్తం పోయి పని కనిపించడం మొదలవుతుంది. ఆ తర్వాత మళ్లీ వెనక్కి. ఈ రాకపోకల్లోనే చూడటం జరుగుతుంది, ఒకేచోట పాతేసినట్టు నిలబడితే కాదు. హాల్లో ముప్పై బొమ్మలుంటే ముప్పైకీ ఇలా చేయకండి, కాళ్లు నొప్పులు, తలనొప్పి తప్ప ఏమీ రావు. ఒక చుట్టు గబగబా తిరిగేయండి. మిమ్మల్ని ఆపినవి, లేదా బాగా చిరాకు పెట్టినవి రెండో మూడో ఉంటాయి. వాటి దగ్గరికే తిరిగి వెళ్లండి. చిరాకు పెట్టినదాన్ని వదలొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. నచ్చిన బొమ్మ మనకి ముందే తెలిసినదాన్నే గుర్తుచేసి ఊరుకోవచ్చు. చిరాకు పెట్టినది మాత్రం ఎందుకు గుచ్చుకుందో తేలేదాకా మనతో వస్తుంది.

ఎలా చేశారన్న ప్రశ్నకి అన్నిటికంటే బాగా లొంగేవి ప్రింట్లు. వాటిని "ఓహో, జిరాక్సా" అనుకుని దాటిపోతారు చాలామంది, పాపం. ఎచింగ్ అంటే రాగి లేదా జింకు పలక మీద మైనపు పూత వేసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసినచోట యాసిడ్ లోహాన్ని తింటుంది. ఆ గాట్లలో ఇంకు నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో లాగుతారు. ఫ్రేములోకి తొంగి చూస్తే కాగితం మీద పలక అంచు నొక్కుకున్న గుర్తు కనిపిస్తుంది, చేత్తో లాగిన ప్రింటు అనడానికి అది సాక్ష్యం. కింద పెన్సిల్‌తో 3/25 అని ఉంటే ఇరవై ఐదింటిలో మూడోది అని అర్థం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగులు ఎక్కడైనా కనిపిస్తే ఆగండి. మేకలు, చెట్లు, పల్లె ఆడామగా, అన్నీ ఒకదాంట్లోంచి ఒకటి మొలిచినట్టు ఉంటాయి. కొన్నింటిలో శృంగారం బాహాటంగా ఉంటుంది, పక్కన ఆఫీసు వాళ్లుంటే ఇబ్బంది పడొచ్చు, ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆ సన్నటి గీతల సాంద్రత చూడండి, మీ ఇంట్లో దారం ఎంత సన్నమో చెప్పే నూలు నంబరు చూసినట్టే.

ఇంకొకాయన కృష్ణారెడ్డి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టాడు, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాడు, లండన్ వెళ్లాడు, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన ఆటెలియే 17 అన్న ప్రింట్ల స్టూడియోలో పనిచేశాడు, చివరికి న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో పోయాడు. ప్రపంచంలో ప్రింట్లు చేసేవాళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ, మన తెలుగు ఊళ్లలో తెలిసినవాళ్లూ తక్కువే. ఆయన చేసిన పని వింటే మీకు వెంటనే తలకెక్కుతుంది. మామూలుగా రంగుల ప్రింటుకి ఒక్కో రంగుకీ ఒక్కో పలక కావాలి. కృష్ణారెడ్డి, ఆ స్టూడియోలోని మిత్రులు కలిసి ఒకే పలక మీద అన్ని రంగులూ వచ్చే పద్ధతి తెచ్చారు. పలకని రకరకాల లోతుల్లో తొలుస్తారు. ఒక ఇంకులో నూనె ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. మెత్తటి రోలరు పల్లంలోకి దిగుతుంది, గట్టి రోలరు మిట్టల మీదే ఆగుతుంది. నూనె తేడా వల్ల ఒక ఇంకు ఇంకోదాన్ని దగ్గరికి రానివ్వదు, కాబట్టి రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి. ఒక్క లాగుడుతో మొత్తం ప్రింటు. ఆయన సుడిగుండం బొమ్మ చూసినప్పుడు దాని అర్థం ఏమిటని నాకెప్పుడూ తట్టలేదు. ఆ నీలంలోకి నారింజ రంగు ఎలా దూరిందన్నదే తట్టింది.

ఇక మనిషిని మనిషిలా వేయకపోవడం ఎందుకు అంటారేమో. పెద్ద చరిత్ర చెప్పను, హైదరాబాద్ వరకూ చెబుతాను. లాలా దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టాడు, తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. దర్బారు, వేట, ఏనుగులు, ఇంగ్లిష్ దొరలు, అన్నీ అచ్చుగుద్దినట్టు పలకల మీదికెక్కాయి. ఉన్నది ఉన్నట్టు దింపడానికి అంతకంటే చవకైన, నమ్మకమైన పనివాడు వచ్చాక చిత్రకారుడికి మిగిలిందేమిటి? రంగు, గీత, ఉపరితలం, తన కంటికి మాత్రమే కనిపించే వరస. అది ప్రపంచమంతటా జరిగింది, ఒక్కోచోట ఒక్కోలా. మన దగ్గర దానికి ఇంకో దారి కూడా ఉంది, ఆ దారి ఇంకా పాతది. కథ చెప్పడానికి గుడ్డ మీద వేసే చేర్యాల నకాషీ పటం చూడండి: ఎర్రటి నేపథ్యం, కళ్లు పెద్దవి, దగ్గరా దూరం లెక్క లేదు, రాజు పెద్ద, బంటు చిన్న. అచ్చం మనిషిలా ఉండాలని ఎప్పుడూ ఎవరూ కోరలేదు. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లో ఆ నిండు రంగులు, ఆ పెద్ద బొట్లు, పక్కకి తిరిగిన ముఖాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలంగాణ పల్లె చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల వాళ్లలో ఆడవేషం కట్టే మగవాళ్లని కళ్లార్పకుండా చూసేవాణ్నని ఆయన చెప్పుకున్నాడు. ఆ ముఖాలకి మేకప్ వేసినంత గట్టి రంగు ఎందుకో తెలిసిందా!

దీనికి సంబంధించి చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ చెప్పిన ఒక సంగతి ఉంది, నాకు చాలా ఇష్టం. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా సలహా మీద హుస్సేన్ రామాయణం బొమ్మలు పెద్ద సంఖ్యలో వేశాడు. హైదరాబాద్‌లో కళాభిమాని బద్రీ విశాల్ పిత్తీ ఆ పనికి అండగా నిలిచాడు. ఆ కాన్వాసుల్ని ఎడ్లబండ్ల మీద చుట్టుపక్కల పల్లెలకి తీసుకెళ్లి పరిచారట. ఒకపక్క కథ చెప్పేవాళ్లు చెబుతుంటే జనం కూర్చుని చూశారట. రాముడికి కళ్లేవి, ముక్కేది, ఇది రాముడని ఎలా అనుకోవాలి అని ఒక్కరూ అడగలేదని, పట్నంలో అయితే అదే మొదటి ప్రశ్న అయ్యేదని హుస్సేన్ తర్వాత ఇంటర్వ్యూల్లో అనేవాడు. ఇందులో ఆయన కొంచెం మసాలా కలిపాడేమో, కలిపే రకమే. కానీ పల్లె నుంచి వచ్చాను కాబట్టి నాకు అర్థం కాదు అన్న మీ మాట వెనకున్న లెక్క తప్పని మాత్రం ఈ కథ చెబుతుంది.

బొమ్మ పక్కన చీటీ గురించి. పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత. ఇందులో మీకు పనికొచ్చేది మాధ్యమం. ఆయిలా, యాక్రిలిక్కా, వాటర్ కలరా, ఎచింగా? ఆయిల్ నెమ్మదిగా ఎండుతుంది కాబట్టి రంగుల్ని ఒకదాంట్లోకి ఒకటి జార్చొచ్చు. యాక్రిలిక్ నిమిషాల్లో ఎండిపోతుంది కాబట్టి అంచులు కచ్చితంగా వస్తాయి. అది తెలిస్తే బొమ్మ సగం విప్పుకుంటుంది. పేరు దగ్గర 'అన్‌టైటిల్డ్' అని ఉంటే నీరసపడకండి, పేరు పెడితే జనం పేరునే చూస్తారని చాలామంది పెట్టరు. గుమ్మం దగ్గర గోడ మీద ఒక పేజీ ఇంగ్లిష్ వ్యాసం అంటిస్తారు, కాన్సెప్ట్ నోట్ అంటారు. దాన్ని బయటికి వచ్చేటప్పుడు చదవండి. ముందే చదివితే దాని కళ్లతో చూస్తారు. కొన్ని నోట్లు నిజంగా సాయం చేస్తాయి, కాదనను. ఎక్కువ భాగం మాత్రం రాసినవాళ్లకే మళ్లీ చదివితే అర్థం కాని రకం. బొమ్మలు తగిలిస్తూ వాటిని గట్టిగా చదివి నవ్వుకోవడం మా కుర్రాళ్లకి ఒక కాలక్షేపం.

మోసం సంగతికి వద్దాం. ఉంది. ఎందుకు లేదు? పెద్ద గ్రూప్ షో ఏదైనా తీసుకోండి, అందులో నాసిరకం పని బోలెడు ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి కొన్ని గుర్తులు నాకు నేనే పెట్టుకున్నాను. పది బొమ్మలున్నా ఒకే బొమ్మని రంగు మార్చి పదిసార్లు వేసినట్టు ఉంటే అనుమానించండి. నోటు తీసేస్తే బొమ్మలో ఏమీ మిగలకపోతే అనుమానించండి. ఒక పెద్దాయన పద్ధతి అమ్ముడుపోతోందని అదే దించినవి ఉంటాయి. పెద్ద బొట్టు, మందపాటి పసుపు ముఖం, పచ్చ చీర, వైకుంఠం సంతకం ఒక్కటే తక్కువ. అలాంటివి గృహప్రవేశాలకి కొనుక్కుంటే కొనుక్కోవచ్చు గానీ చూడటానికి అందులో ఏమీ లేదు. అలాగని మీకు నచ్చకపోవడమే మోసానికి రుజువు కాదు. పని కనిపిస్తోందా, నిర్ణయాలు కనిపిస్తున్నాయా అని చూడండి. ఆ మూల ఎర్ర గీత అక్కడే ఎందుకు, ఇంకో మూల పెడితే ఏమయ్యేది? బొటనవేలు ఎత్తి ఆ గీతని కంటికి అడ్డం పెట్టి చూడండి. గీత లేకపోయినా బొమ్మ అలాగే ఉంటే గీత దండగ. మొత్తం కూలిపోతే ఆ గీత పెట్టినవాడికి తన పని తెలుసు. ఇది నవ్వులాటలా ఉంటుంది కానీ చాలామంది చిత్రకారులు తమ బొమ్మల్ని ఇలాగే పరీక్షిస్తారు.

ధరలు మాత్రం వేరే లోకం, దాన్ని చూడటంతో కలపకండి. ఇటలీకి చెందిన మౌరిజియో కాటెలాన్ 2019లో గోడకి టేపుతో అంటించిన అరటిపండు, 2024 నవంబర్‌లో వేలంలో 62 లక్షల డాలర్లకి పోయింది, కొన్న ఆసామి దాన్ని ఒలుచుకుని తినేశాడు కూడా. హుస్సేన్ 1954లో వేసిన గ్రామయాత్ర 2025 మార్చిలో సుమారు 118 కోట్ల రూపాయలు పలికింది. మొదటిది బజారు మీద వేసిన జోకు, దానికి బజారే డబ్బిచ్చింది. రెండోది నిజంగా గొప్ప పని. ధర చూసి ఏది ఏదో మీరు పోల్చుకోగలరా? మీరు వెళ్లే గ్యాలరీల్లో లెక్క ఇంత దూరం పోదు. ధరల జాబితా బల్ల దగ్గర అడిగితే ఇస్తారు, అడగటానికి సిగ్గుపడక్కర్లేదు, కొనాలన్న బలవంతమూ ఉండదు. చీటీ మీద చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైపోయిందని. ఆ ధరలో గ్యాలరీ వాటా చాలాచోట్ల మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. చెమట మాత్రం చిత్రకారుడిదే.

టెన్షన్ అన్నారు, దానికి మందు సులువే. ప్రైవేటు గ్యాలరీల్లో టికెట్ ఉండదు. తలుపు మూసి ఉన్నా తోసుకుని వెళ్లొచ్చు, ఏసీ పోకుండా మూస్తారంతే. బట్టలు ఎలాంటివైనా సరే. రంగు మరకల లుంగీతో వచ్చే చిత్రకారుల్ని నేను చూశాను. రిజిస్టర్‌లో పేరు రాయమంటారు, ఫోన్ నంబర్ గడి ఖాళీగా వదిలేయొచ్చు. బ్యాక్‌ప్యాక్ కౌంటర్లో ఇచ్చేయండి. ఎందుకంటే బొమ్మలకి జరిగే నష్టంలో పెద్ద భాగం తిరిగేటప్పుడు బ్యాగు తగలడం వల్ల, సెల్ఫీ కోసం వెనక్కి అడుగేయడం వల్ల జరిగేదే. ఫొటో తీయొచ్చా అని అడిగి తీయండి, ఫ్లాష్ వద్దు. ముట్టుకోవద్దన్నది పోలీసు కబురు కాదు: వేళ్ల చెమట, జిడ్డు రంగు మీద పట్టి ఏళ్లు గడిచాక మచ్చై తేలుతుంది, దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. ప్రారంభోత్సవం సాయంత్రం మాత్రం వెళ్లకండి. సమోసాలు బాగుంటాయి, ఉపన్యాసాలుంటాయి, బొమ్మలకి అందరూ వీపు పెట్టి మాట్లాడుకుంటుంటారు. ఆఫీసుకి సెలవు దొరికిన ఏ వారంమధ్య రోజో పొద్దున్న పదకొండింటికి వెళ్తే హాలంతా మీదే.

అక్కడ చిత్రకారులు ఉంటే మాట్లాడండి. "దీని అర్థం ఏమిటండీ?" అంటే వాళ్లు ఆ నోటులోని వాక్యమే అప్పజెబుతారు. "ముందు ఏ రంగు వేశారు? ఎన్నాళ్లు పట్టింది? ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగితే అరగంట వదలరు. మీ ఊరి పేరు చెబితే ఇక చెప్పక్కర్లేదు, ఇక్కత్ గురించి వాళ్లే ప్రశ్నలేస్తారు. వాళ్లు లేకపోతే సెక్యూరిటీ మనిషిని అడగండి. రోజుకి పది గంటలు ఆ బొమ్మలతో ఉండేది ఆయనే. ఏ బొమ్మ దగ్గర జనం ఆగుతున్నారు, ఆయనకేది నచ్చింది అని అడిగితే మొదట నవ్వుతాడు, తర్వాత చెబుతాడు. గుమ్మం దగ్గర అభిప్రాయాల పుస్తకంలో తెలుగులో రాయండి, నచ్చకపోతే నచ్చలేదనే రాయండి. "సూపర్బ్", "ఎక్సలెంట్" చదివి చదివి చిత్రకారులకి విసుగు.

నేల మీద పరిచిన ఇటుకలు, వేలాడే తీగలు, చీకటి గదిలో వీడియో, ఇలాంటివి ఎదురైతే నా సలహా చిన్నదే. నడవొచ్చా, కూర్చోవచ్చా అని అక్కడున్నవాళ్లని అడగండి. వీడియో అయితే చీటీ మీద నిడివి చూసి, మొదటి నుంచి చూసే ఓపిక ఉంటేనే లోపలికి వెళ్లండి. సగంలో దూరి సగంలో వచ్చేస్తే తల తిరగడం తప్ప ఏమీ ఉండదు. ఈ రకం పని మీద నాకు పెద్ద ప్రేమ లేదు, తీగలు కట్టి కట్టి వేళ్లు కోసుకుపోవడం అందుకు కారణం కావొచ్చు. ఇష్టమున్నవాళ్లు రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన కొచ్చి బినాలే చూడాలి, 2012లో మొదలైంది, సముద్రం పక్కన పాత గోదాముల్లో పెడతారు.

మరి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నేనైతే సాలార్‌జంగ్ మ్యూజియం అంటాను. శుక్రవారం సెలవు. అందరూ బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర, గడియారం దగ్గర గుమిగూడతారు, మీరూ చూడండి, తప్పేం లేదు. తర్వాత ఆధునిక భారతీయ చిత్రాల గదికి వెళ్లండి. రవివర్మ చీరల మడతల నుంచి ఆ తర్వాతి తరాలు ఎలా దారి మళ్లాయో ఒకే గదిలో వరసగా కనిపిస్తుంది. జనం తక్కువ కాబట్టి ముందుకీ వెనక్కీ నడవటానికి చోటుంటుంది. అక్కడ కన్ను కాస్త కుదురుకున్నాక మాదాపూర్ స్టేట్ గ్యాలరీ. లోపల ఒకటి కంటే ఎక్కువ హాళ్లున్నాయి, ఒకే రోజు వేరువేరు ప్రదర్శనలు నడుస్తుంటాయి కాబట్టి ఒకటి నచ్చకపోతే ఇంకోటి. మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ, రవీంద్రభారతిలో ఐసీసీఆర్ గ్యాలరీ, బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి, ఇవన్నీ తెలిసిన చోట్లే. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు తమ పని ప్రదర్శించినప్పుడు తప్పకుండా వెళ్లండి. పని ఇంకా కుదరక తంటాలు పడుతుంటే కనిపిస్తుంది, ఎలా చేశారన్నది అక్కడ దాచడం ఎవరికీ చేతకాదు. బెంగళూరు పని మీద వెళ్తే ప్యాలెస్ రోడ్డులో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఉంది, సోమవారం మూసేస్తారు. కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ కూడా చూడొచ్చు. రాజమండ్రి వైపు ఎవరైనా చుట్టాలుంటే చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ. ముప్పై ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి ఎంత పని చేశాడో చూస్తే ఆశ్చర్యపోతారు.

మామూలు గ్యాలరీ ప్రదర్శనలు వారం పది రోజులకి మించి ఉండవు, కొన్ని మూడు రోజులకే దించేస్తాం. కాబట్టి పేపర్లో చూసి వచ్చే ఆదివారం వెళ్దాంలే అనుకోకండి, పొద్దున్నే ఒక ఫోన్ చేసి హాలు తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. కొన్ని గ్యాలరీలు ఆదివారం తెరవవు.